మూడు జాడీలు, ఆరు డిస్కులు

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆ శనివారం పొద్దున కూడా దోసెల పిండి పొంగలేదు. బయట మోకాలి లోతు మంచు. ఓవెన్‌లో లైటు వేసి ఉంచినా పిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. జయంతి గిన్నె మూత తీసి చూసి నిట్టూర్చింది.

"ఈ ఊళ్లో పిండికి కూడా బద్ధకమేనమ్మా!" అంది తల్లితో.

"పిండికి ఊరేం తెలుసే? వెచ్చగా ఉంటే పొంగుతుంది. మీ ఇంట్లో వెచ్చటి మూలే లేదు," అంది లక్ష్మీకాంతమ్మ శాలువా చెవుల మీదికి లాక్కుంటూ.

డైనింగ్ టేబుల్ మీద ప్లేట్లు పెట్టడానికి చోటు లేదు. జయంతి భర్త రాధాకృష్ణ ల్యాప్‌టాప్, కాగితాలు, కొలతల టేపు పరుచుకుని కూర్చున్నాడు. వారం రోజులుగా ఆయనకి ఒకటే ధ్యాస. ఇంట్లో పదిహేనేళ్ల ఫోటోలు, వీడియోలు పాత ఫోన్లలో కొన్ని, చెడిపోయిన ల్యాప్‌టాప్‌లలో కొన్ని, సొరుగుల్లోని డిస్కుల్లో కొన్ని చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటన్నిటినీ ఒక్కచోట చేర్చే పెద్ద స్టోరేజ్ సర్వర్ తన చేతులతోనే కట్టి బేస్‌మెంట్‌లో పెట్టాలని ఆయన పట్టుదల. కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. ఏదైనా విప్పి బిగిస్తే తప్ప ఆయనకి సెలవురోజు గడిచినట్టుండదు.

"పింక్ లైట్స్ ఉన్న బాక్స్ కావాలి డాడీ! ప్లీజ్, ప్లీజ్!" అంటూ ఎనిమిదేళ్ల నైనిక ఆయన భుజం మీద వేలాడుతోంది.

"అదే చూస్తున్నా తల్లీ. అద్దం తలుపు కూడా ఉంది దీనికి."

"లైట్లు అక్కర్లేదు నాన్నా," అంది మేధ మెల్లిగా. "ముందువైపు పెద్ద ఫ్యాన్లుండాలి. డిస్కుల మధ్య గాలాడాలి."

అందరూ తలలు తిప్పి చూశారు. మేధ అడగకుండా మాట్లాడటం ఆ ఇంట్లో అరుదు. పదహారేళ్ల పిల్ల. రెండేళ్ల వయసులో ఆర్నెల్ల కోసమని కృష్ణాజిల్లాలో అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చారు. ఇక్కడ ఒక ఉద్యోగం పోవడం, ఇంకోటి వెతుక్కోవడం, ఊళ్లు మారడం, ఈలోగా అక్కడ బడిలో వేయడం... వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంటూ పన్నెండేళ్లు గడిచాయి. అమ్మమ్మతో కలిసి ఈ ఇంటికొచ్చి రెండేళ్లవుతోంది. ఇప్పటికీ తండ్రిని "మీరు" అనే అంటుంది. మనసులో మాటలన్నీ ఒక రూళ్ల నోట్‌బుక్‌కే చెప్పుకుంటుంది.

ఈ వారం ఆ నోట్‌బుక్‌లో సర్వర్ గురించి నాలుగు పేజీలు నిండాయి. స్కూలు లైబ్రరీలో కూర్చుని చదివి రాసుకుంది. ఇవాళ దాన్ని ఒళ్లో పెట్టుకుని ధైర్యం కూడగట్టుకుంటోంది.

"డిస్కులు ఎన్ని నాన్నా?"

"ఆరు. మంచి సేల్ ఉంది, ఆరూ ఒకే పెట్టెలో వస్తాయి. ఆరింటినీ కలిపేసి ఒకే పెద్ద గోడౌన్ చేసేస్తా."

"అలా కలిపితే ఒక్కటి పోయినా అన్నీ పోతాయి కదా? రెండు డిస్కులంత చోటు కాపలాకి వదిలేయాలి. అప్పుడు ఏ రెండు పాడైనా, మిగిలిన నాలుగూ కలిసి వాటిలో ఉన్నదంతా మళ్లీ తయారు చేసుకుంటాయి. ఇంకోటి... అన్నీ ఒకే రోజు, ఒకేచోట తయారైనవి తీసుకోకూడదంట. ఒకే లోపం అన్నిట్లోనూ ఉండొచ్చంట."

"కొత్త డిస్కులు ఎందుకు పోతాయమ్మా?"

మేధ అమ్మమ్మ వైపు చూసింది. "అమ్మమ్మ ఆవకాయంతా ఒకే జాడీలో పెట్టదుగా."

"మరే!" అంది లక్ష్మీకాంతమ్మ ఉత్సాహంగా. "ఒకటి వంటింట్లో, ఒకటి అటక మీద, ఒకటి ఎదురింటి సుభద్రమ్మ దగ్గర. ఓ ఏడు ఇల్లు కురిసి మన రెండు జాడీలూ బూజు పట్టాయి అల్లుడుగారూ. సుభద్రమ్మ జాడీయే ఆ ఏడాదంతా ఆదుకుంది."

రాధాకృష్ణ పకపకా నవ్వాడు. "అత్తయ్యగారూ, ఇది ఆవకాయ కాదండీ, టెక్నాలజీ! రెండు డిస్కులు ఊరికే వదిలేయమంటే ఎలా? మూడో వంతు వేస్ట్. నైనిక డాన్స్ వీడియోలకే ఎంత చోటు కావాలో తెలుసా?"

అందరూ నవ్వారు. మేధ నవ్వలేదు.

హాల్లో టీవీ మీద ఫోటోలు వాటంతటవే మారుతున్నాయి. నైనిక తప్పటడుగులు, కేకు మీద పడ్డ చేయి, నైనిక మొదటి స్కూలు బస్సు. మేధ రోజూ చూసే ఫోటోలే అవి. ఇవాళ మాత్రం నోట్‌బుక్ మూసేసింది.

"పోతే బాధపడేవాళ్లు ఉంటే అది వేస్ట్ ఎలా అవుతుంది?" అంది. "అయినా నాకెందుకులెండి. అందులో నాదేం ఉంది? చెల్లి నడవడం ఉంది, చెల్లి పుట్టినరోజులున్నాయి. నేను పద్నాలుగేళ్ల పిల్లగా ఎయిర్‌పోర్ట్‌లో సూట్‌కేస్ పక్కనే పుట్టినట్టు, ఆ ఒక్క ఫోటోయేగా నాది!"

జయంతి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. నైనిక తండ్రి భుజం దిగి అమ్మమ్మ పక్కన చేరింది.

"మేధా..." అంది జయంతి. "ఆర్నెల్లే అనుకున్నామే. నిజంగా ఆర్నెల్లే అనుకున్నాం."

రాధాకృష్ణ కుర్చీ వెనక్కి నెట్టి లేచి బేస్‌మెంట్ మెట్లు దిగాడు. కోపం వచ్చిందనుకుంది మేధ. ఎందుకన్నానా అని గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది. ఆయన తిరిగి వచ్చేసరికి చేతుల్లో పాత స్వెటర్‌లో చుట్టిన ఏదో వస్తువు ఉంది. పసిపిల్లని దించినట్టు టేబుల్ మీద పెట్టి స్వెటర్ విప్పాడు. నల్లటి పాత డిస్కు. దాని మీద తెల్ల టేపు. టేపు మీద ఆయన వంకర తెలుగు అక్షరాలు: మేధ – ఆదివారాలు.

"ప్రతి ఆదివారం నీతో వీడియో కాల్ మాట్లాడేవాణ్ని కదా. అన్నీ రికార్డ్ చేశాను. ఒక్కటి కూడా వదల్లేదు," అన్నాడు. "పోయిన వారం ఆన్ చేస్తే ఇది టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది. ఇంకోసారి ఆన్ చేస్తే పోతుందేమోనని భయం. ఇందులో ఉన్నవి దించుకోవడానికే ఈ సర్వర్ హడావుడంతా. పైకి మాత్రం డాన్స్ వీడియోలని కబుర్లు చెబుతున్నా."

మేధ ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. "మరి ఎప్పుడూ చూపించలేదేం?"

"ఏ మొహం పెట్టుకుని చూపించను తల్లీ? నువ్వు పెరగడం నేను ఫోన్‌లో చూశానని నీకే చూపించాలా?"

రాధాకృష్ణ కళ్లు తుడుచుకుని నవ్వాడు. "అదీగాక సగం వీడియోల్లో నువ్వు లేవు. మీ సీలింగ్ ఫ్యానే ఉంది. అత్తయ్యగారు ఫోన్ వెల్లకిలా పెట్టేసేవారు."

"అయ్యో! పన్నెండేళ్లూ చెప్పలేదేం అల్లుడుగారూ?"

"ప్రతి ఆదివారం చెప్పానండీ. ఆ ఫ్యాను చప్పుడుకి మీకు వినపడలేదు!"

నైనిక ముందుగా కిసుక్కుమంది. తర్వాత జయంతి ఏడుస్తూనే నవ్వింది. రాధాకృష్ణ తన కాగితాలన్నీ ఒక దొంతిగా పేర్చి పక్కకి నెట్టి, పెన్ను మేధ ముందు పెట్టాడు.

"లిస్టు నువ్వు రాయి. నువ్వేం చెబితే అదే కొంటా."

ఆ వారమంతా ఇంట్లో పండగ వాతావరణమే. మేధ లైట్ల బాక్స్‌ని లిస్టులోంచి కొట్టేసి, పెద్ద ఫ్యాన్లున్న మామూలు నల్ల బాక్స్ రాసింది. చిన్న తప్పు దొర్లితే తనే దిద్దుకునే రకం మెమరీ రాసింది. కరెంటు పోయినా పది నిమిషాలు నిలబెట్టే బ్యాటరీ రాసింది. డిస్కులు మూడు ఒక దుకాణంలో, మూడు ఇంకో దుకాణంలో. నైనిక మొహం మాడ్చుకుంటే, పెట్టె పక్కన అంటించుకోవడానికి పింక్ స్టిక్కర్లు రాసింది. తండ్రి ఒక్కో పేరూ చదివి "ఇదెందుకు?" అని అడిగేవాడు, మేధ చెప్పేది. రెండేళ్లలో మాట్లాడనన్ని మాటలు ఆ వారం సాయంత్రాల్లో మాట్లాడుకున్నారు.

మళ్లీ శనివారం మధ్యాహ్నానికి సర్వర్ సిద్ధమైంది. జయంతి పసుపు, కుంకుమ తెచ్చింది.

"బొట్టు బయటే పెట్టమ్మా. ఫ్యాన్ దగ్గర వద్దు," అంది మేధ.

"తెలుసులే, మీ నాన్న కొత్త కారుకి పెట్టినప్పుడూ ఇలాగే కంగారు పడ్డారు."

అమ్మమ్మ నిమ్మకాయ తిప్పి పక్కన పెట్టింది. అప్పుడు పాత డిస్కు తగిలించారు. టిక్కు, టిక్కు. కాసేపటికి తెర మీద మొదటి ఆదివారం కదిలింది. కాపీ పూర్తవడానికి రెండు రోజులు పట్టింది. లక్ష్మీకాంతమ్మ కుర్చీ వేసుకుని, జ్వరం వచ్చిన పిల్ల దగ్గర కూర్చున్నట్టు దాని పక్కనే కూర్చుంది. చివరి ఆదివారం కూడా క్షేమంగా చేరింది. ఆ మర్నాడు పాత డిస్కు ఇక తిరగనే లేదు. మేధ దాన్ని మళ్లీ అదే స్వెటర్‌లో చుట్టి దాచింది.

తర్వాతి ఆదివారం పొద్దున. బేస్‌మెంట్ నుంచి బీప్, బీప్ అని మోత. ముందు పరిగెత్తిన నైనిక కింద నుంచే కేక పెట్టింది.

"అక్కా! సర్వర్ వామిట్ చేసుకుంది!"

అందరూ దిగారు. సర్వర్ నెత్తి మీద దోసెల పిండి గిన్నె ఉంది. పిండి పొంగి, మూతని పైకెత్తి, తెల్లగా నురగలు కక్కుతూ పెట్టె పైనున్న గాలి చిల్లుల్లోంచి లోపలికి కారుతోంది.

"నేనేనే," అంది లక్ష్మీకాంతమ్మ మెట్ల మీదే కూలబడుతూ. "రెండు రోజులు దీని పక్కన కూర్చున్నానుగా, ఇంట్లో ఇదొక్కటే వెచ్చగా ఉంది. పిండి బాగా పొంగుతుందని... అయ్యో, నా చేత్తో నేనే పిల్ల ఆదివారాలన్నీ పోగొట్టాను!"

రాధాకృష్ణ కాళ్లు కదల్లేదు.

కదిలింది మేధ. క్లాసులో చేయి ఎత్తడానికి కూడా జంకే పిల్ల, ఆ క్షణంలో అందరికీ పనులు పురమాయించింది. "నాన్నా, ప్లగ్ తీసేయండి. అమ్మా, గిన్నె తీసి పొడి గుడ్డలు పట్రా. నైనీ, టార్చ్ పట్టుకో. అమ్మమ్మా, నువ్వు ఏడుపు ఆపు."

పెట్టె తలుపు విప్పి ఒక్కో డిస్కూ బయటికి లాగింది. పై రెండూ పిండిలో మునిగి ఉన్నాయి. కింది నాలుగింటి మీద చుక్క పడలేదు. అన్నీ తుడిచి, ఆరబెట్టి, మధ్యాహ్నం దాకా ఆగి మళ్లీ బిగించారు. పై రెండు డిస్కులూ పలకలేదు.

"అంతా పోయినట్టేనా?" అన్నాడు రాధాకృష్ణ.

"రెండే పోయాయి నాన్నా. రెండు పోవచ్చు. అందుకే కదా వదిలిపెట్టాం."

తెర మీద ఎర్ర గుర్తులు రెండు, పచ్చ గుర్తులు నాలుగు. మేధ ఆదివారాల ఫోల్డర్ తెరిచింది. ఒక్కటి కూడా తగ్గలేదు. రాధాకృష్ణ మేధ కుర్చీ వెనక నిలబడి, ఆమె నెత్తిన చేయి పెట్టి చాలాసేపు తీయలేదు.

"నేను అనుకున్నట్టు కట్టి ఉంటే ఇవాళ ఏమీ మిగిలేది కాదు," అన్నాడు చివరికి. "అత్తయ్యగారూ, మీ ఆవకాయ లెక్కే టెక్నాలజీ అండీ!"

"ఏమో నాయనా, ఈ జన్మలో ఇక దీని చాయలకి రాను," అంది ఆవిడ ముక్కు చీదుతూ.

ఆయన వెంటనే వెళ్లి రెండు కొత్త డిస్కులు తెచ్చాడు, రెండు వేర్వేరు దుకాణాల నుంచి. వాటిని బిగించగానే మిగిలిన నాలుగూ పోయినదాన్ని తిరిగి అల్లడం మొదలుపెట్టాయి. గిన్నెలో మిగిలిన పిండితో జయంతి దోసెలు పోసింది. పెనం మీద వేయగానే చిల్లులు చిల్లులుగా విచ్చుకున్నాయి. ఈ ఇంట్లో ఇంత మెత్తటి దోసెలు ఎప్పుడూ రాలేదని అందరూ ఒప్పుకున్నారు. అమ్మమ్మ మాత్రం సిగ్గుపడుతూ ఒక్కటే తింది. తర్వాత ఇంకో మూడు తింది.

"సుభద్రమ్మగారింట్లో పెట్టినట్టు మూడో జాడీ కూడా కావాలి," అంది మేధ. "షామ్‌బర్గ్ ఊళ్లో ఉన్న పిన్ని వాళ్లింట్లో ఇంకో కాపీ పెడదాం."

"దాని లిస్టూ నువ్వే రాయి. అడుగున 'పైన పిండి పెట్టరాదు' అని కూడా రాయి," అన్నాడు రాధాకృష్ణ.

హాల్లో టీవీ మీద నైనిక తప్పటడుగుల తర్వాత తెర మారింది. ఒక పాత సీలింగ్ ఫ్యాను, గరగరమంటూ తిరుగుతోంది. "నేను పెట్టించానక్కా," అంది నైనిక గొప్పగా. ఫ్యాను చప్పుడులోంచి నాలుగేళ్ల మేధ గొంతు వినిపించింది.

"నాన్నా, నువ్వు మళ్లీ ఎప్పుడొస్తావు?"

"ఏడు నిద్దర్లు పోతే ఆదివారం వస్తుంది తల్లీ. అప్పుడు వస్తా," అంది కుర్రవాడిలాంటి రాధాకృష్ణ గొంతు.

రాధాకృష్ణ చేతిలో దోసె ముక్క అలాగే ఉండిపోయింది. మేధ లేచి వెళ్లి ఆయన పక్కన, సోఫాలో భుజానికి భుజం తగిలేలా కూర్చుంది. తెర మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"ఇవాళ ఆదివారమే నాన్నా," అంది. "తిను. చల్లారిపోతుంది."