ఆకివీడు లారీలు పన్నెండు

"గంటే టైముంది. పదింటికి ఆ లారీ కొల్లేరు కాలువ గేటు చేరుతుంది," అన్నాడు చీఫ్ ఈశ్వరప్రసాద్. "ఐస్ పెట్టెల్లో విదేశీ ముఠా పంపిన వైరస్. కాలువలో పడితే వారంలో ఏ చెరువులోనూ చేప మిగలదు."

ఏజెంట్ సాయిదుర్గ పళ్లు బిగించింది. కోడ్‌నేమ్ గూడబాతు. ఆ గేటు దిగువ చెరువు మీదే ఆమె తల్లి పెద్దింటమ్మ బతుకుతోంది.

"లారీ నంబరు?"

"ఆకివీడు చేపల లారీల్లో కలిసి వస్తోంది, దొంగ నంబరుతో. అదే నంబరుతో అసలు లారీ వేరే ఉంది. ఏ నంబరు ఒకే టైముకి రెండు చెక్‌పోస్టుల్లో పడిందో ఏలూరు కంట్రోల్ రూమ్ డేటాబేస్ చెప్పాలి. రెండు గంటలుగా ఆ వెతికే క్వెరీ తిరుగుతూనే ఉంది. లోపల ఎవరో ఇంటిదొంగ ఉన్నారు."

సాయిదుర్గ ఏసీ మెకానిక్ వేషంలో కంట్రోల్ రూమ్‌కి వెళ్లింది. డేటాబేస్ ఎక్స్‌పర్ట్ భావన తాడేపల్లిగూడెం అమ్మాయి. పట్టుచీర, ఎర్రటి లిప్‌స్టిక్, తేనె పూసిన నవ్వు. ఆ నవ్వు చూస్తేనే సాయిదుర్గకి ఒళ్లు మండింది.

"సర్వర్ ఇంత వేడెక్కిందేంటండీ?"

"క్వెరీ పెద్దదండీ. ఓపిక పట్టాలండీ."

స్క్రీన్ మీద, ఎలా వెతకాలో చెప్పే క్వెరీ ప్లాన్ ఉంది. ఏడాది మొత్తానికి డేటాబేస్ వేసుకున్న అంచనా: ఆకివీడు లారీలు 12.

పన్నెండా! ఆకివీడులో పొద్దున టీ చల్లారేలోపే అంతకంటే ఎక్కువ చేపల లారీలు కదులుతాయి. ఆ తప్పుడు అంచనా నమ్మి, పన్నెండేగా అని లక్షల లారీలని ఒక్కొక్కటిగా వెతుకుతోంది పిచ్చి డేటాబేస్! సాయిదుర్గ భావనని పక్కకి నెట్టి సెట్టింగ్ తెరిచింది. ఊరి పేరుండే కాలమ్‌కి, అంచనా కోసం తీసే శాంపిల్‌ని ఎవరో కావాలనే ఒకటికి కుదించారు. దాన్ని వెయ్యికి పెంచి, ఆ అంచనాల స్టాటిస్టిక్స్ మళ్లీ తీయించి, క్వెరీ కొత్తగా వేసింది.

వెనక భావన చేతిలో లిప్‌స్టిక్ మూత ఊడింది. లోపల బుల్లి పిస్టల్ గొట్టం.

"మీ వేషం నాకు ముందే తెలుసండీ సాయిదుర్గగారూ, చెయ్యి తియ్యండి. చంపేస్తానండీ."

"చంపుకోండి. ఎంటర్ కొట్టేశానండీ."

తిరుగుతూనే టూల్‌బాక్స్ విసిరింది. గుండు ఏసీలో దిగింది, భావన నేల మీద పడింది. తొమ్మిది సెకన్లలో స్క్రీన్ మీద ఒకే ఒక్క నంబరు నిలిచింది. సాయిదుర్గ దాన్ని వైర్‌లెస్‌లో అరిచి చెప్పింది.

తొమ్మిదీ యాభై తొమ్మిదికి కాలువ గేటు దగ్గర పెట్టె మూత మీద చెయ్యేసిన డ్రైవర్ని పోలీసులు పట్టుకున్నారు.

"ఎక్కడ దొరికిపోయానండీ?" అడిగింది భావన, బేడీలతో.

"ఆకివీడుకి పన్నెండే లారీలన్నారండీ. గూడెంలో పుట్టి మరీ అంత అబద్ధమా! సిగ్గుండాలండీ."

ఫోన్ మోగింది. చీఫ్.

"శభాష్. అన్నట్టు, ఏసీ పోయిందట కదా. ఎలాగూ మెకానిక్‌వేగా, బాగుచేసి రా."