ప్లాస్మిడ్ లోడు

తలుపు అవతల బోల్టు పడింది.

ఏజెంట్ త్రివిక్రమ్ రెండు చేతులతో నెట్టాడు. కదల్లేదు. రేణిగుంట శివార్లలోని ఒక గోడౌన్‌లో కోల్డ్ రూమ్ అది. నాలుగు డిగ్రీలు. ఏసీ మెకానిక్ వేషంలో వచ్చాడు కాబట్టి ఒంటిమీద పల్చటి ఖాకీ చొక్కా. గుండీలో దాచిన ట్రాన్స్‌మిటర్‌కు సిగ్నల్ లేదు.

తలుపులోని చిన్న అద్దం అవతల వేదశ్రీ. చెవులకు వజ్రాలు, మొహాన చిరునవ్వు. మూడు నెలలుగా అతనికి రహస్యాలు అందిస్తున్న సైంటిస్టు. ఆమె పక్కన విదేశీ ముఠా నాయకుడు హెన్రిక్, చేతిలో పిస్టల్.

"సారీ, త్రివిక్రమ్." ఇంటర్‌కమ్‌లో ఆమె గొంతు. "లోడు పదిన్నరకు బయల్దేరుతుంది."

ఇద్దరూ వెళ్లిపోయారు. టైమ్ పది ఇరవై.

నిన్నటి బ్రీఫింగ్‌లో చీఫ్ దేవనాథన్ చెప్పింది గుర్తొచ్చింది.

"పాడి పశువులకు పెట్టే పొడి. అందులోని బ్యాక్టీరియా అమాయకమైనది, ఏ ల్యాబ్‌లోనైనా పాస్. దాని లోపలుంది అసలు దొంగ. ప్లాస్మిడ్. చిన్న డీఎన్‌ఏ రింగు. పశువు పేగుల్లో ఉండే దగ్గరి చుట్టాలకు, అంటే వేరే బ్యాక్టీరియాకు, అది కాపీలు పంచుతుంది. అక్కణ్ణించి మనుషుల్లోని బ్యాక్టీరియాకు. ఐసీయూలో ఆఖరున ఇచ్చే యాంటీబయాటిక్‌ను ఓడించే జీన్ అందులో ఉంది. ఆ తర్వాత పనిచేసే మందు హెన్రిక్ ఒక్కడి దగ్గరే. లారీ ఊళ్లకు చేరిందా, ఇక వెనక్కి తేలేం."

లోపలి హ్యాండిల్‌ను ముందే ఊడదీశారు. కిటికీ లేదు. భుజంతో గుద్దితే భుజమే నొప్పెట్టింది. వేళ్లు మొద్దుబారుతున్నాయి. పదిన్నర దాటింది.

గోడ మీద టెంపరేచర్ సెన్సర్. ఎనిమిది డిగ్రీలు దాటితే బయట సైరన్. వైరు పొట్టిది. పెట్టె మీదికెక్కి, సెన్సర్‌ను చంకలో బిగించి, పళ్లు టకటకలాడుతుంటే నిలబడ్డాడు.

పది నలభైకి సైరన్ కూసింది.

తలుపు తీసింది ప్యాకింగ్ సూపర్‌వైజర్ చెంగమ్మ. "ఎవురప్పా నువ్వు? ఈడేం జేస్తాండావు? సరుకు సెడితే నా ఉద్యోగం పోతాది!"

"లారీ పోయిందా?"

"యాడికి పోతాది? గేటుకాడే ఉండాది."

పరుగెత్తాడు. డ్రైవర్ మునిరత్నం టైరుకానుకుని టీ తాగుతున్నాడు. హెన్రిక్ ఇంగ్లీషులో అరుస్తున్నాడు.

"ఎంత అరిసినా అంతే దొరా. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. మా నాయన చెప్పినా బండి తీయను."

హెన్రిక్ అతణ్ణి తోసేసి తానే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఇంజన్ గర్జించింది. ముందు చక్రాలు గేటు దాటాయి. త్రివిక్రమ్ ఫుట్‌బోర్డు మీదికి దూకి, కిటికీలోంచి చేయి దూర్చి తాళం తిప్పేశాడు. హెన్రిక్ పిస్టల్ లేచింది.

అవతలి తలుపు దగ్గర్నుంచి మరో పిస్టల్ హెన్రిక్ కణతకు ఆనింది. వేదశ్రీ.

"డ్రాప్ ఇట్."

పిస్టల్ కింద పడింది.

"మరి నన్నెందుకు బంధించావు?" అడిగాడు త్రివిక్రమ్.

"బయటుంటే కాల్చేసేవాడు. చలికి చావాలంటే టైమ్ పడుతుంది."

"లారీ పదిన్నరకు వెళ్లిపోయుంటే?"

"ఆ టైమ్ పెట్టింది నేనే. తిరుపతిలో పుట్టినదాన్ని. హెన్రిక్ కంప్యూటర్లో అన్నీ ఉన్నాయి, పంచాంగం తప్ప."

పోలీసులు హెన్రిక్‌ను తీసుకెళ్లి, పంచనామా ముగించేసరికి మునిరత్నం స్టీరింగ్ ముందు సిద్ధంగా ఉన్నాడు.

"పన్నెండు దాటింది సార్. బండి యాడికి పోవాల?"

"వెయ్యి డిగ్రీల కొలిమికి. రేణువు మిగలకుండా కాల్చేయాలి."

మునిరత్నం తల పట్టుకున్నాడు. "కాల్చేదానికైతే మంచి గడియ యాల సార్? ముందే చెప్పింటే అప్పుడే తీసుండేవాణ్ణి!"