కప్పు నేను చూస్త

ధ్యానం క్లాసులో కళ్ళు తెరుచుకుని ఉండే హక్కు ఒక్క టీచర్‌కే ఉంటుందని ఆ క్లాసు చెప్పే సరోజ నమ్మకం. ఆ హక్కును రోజూ పొద్దున్నే ఇంకొకరు కూడా వాడుకుంటున్నారు. చివరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చునే సుభాష్.

భూపాలపల్లి కార్మికుల కాలనీలో కమ్యూనిటీ హాలు అది. సుభాష్ బొగ్గుగనిలో నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చేవాడు. మెడ తిప్పమంటే తిప్పేవాడు, భుజాలు వదులు చేయమంటే చేసేవాడు, ఊపిరి నెమ్మదిగా వదలమంటే వదిలేవాడు. ఒళ్ళు సిద్ధమైంది, ఇక మనసును కూర్చోబెడదాం, కళ్ళు మూయండి అనగానే మొండికేసేవాడు. అందరి రెప్పలూ వాలేవి. అతని చూపు మాత్రం పైకప్పు మీద ఉండేది. అక్కణ్ణుంచి ఒక్కోసారి సరోజ మీదికి వచ్చి, తడబడి, మళ్ళీ కప్పుకే పోయేది.

సరోజకూ ఒంట్లో ఓపిక లేని రోజులే అవి. ఈ క్లాసు కాగానే ఘనపూర్ బస్సెక్కి స్కూల్లో పాఠాలు చెప్పాలి, సాయంత్రం వచ్చి అమ్మకు వండి పెట్టాలి. తను కళ్ళు మూసి ప్రశాంతంగా కూర్చుని ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. ఆ విసుగంతా ఆ రోజు అతని మీదికి మళ్ళింది.

అందరూ చాపలు చుడుతుంటే అతన్ని ఆపి అడిగింది. "మీరు ధ్యానానికి వస్తున్నరా, నన్ను చూడనీకి వస్తున్నరా?"

సుభాష్ చెవులు ఎర్రబడ్డాయి. "రెండోది అబద్ధం కాదు మేడం," అన్నాడు నీరసంగా. "కని మొదటిదానికే వచ్చిన."

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. గనిలో కప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, గట్టిగా ఉందనుకున్నాకే దాని కింద పని మొదలుపెడతారు. ఎండాకాలంలో అలా తట్టి చూసిన కప్పే అతని పక్కన కూలింది. దెబ్బ తగల్లేదు గానీ నిద్ర దూరమైంది. ఏ కప్పు కింద రెప్ప వాల్చినా అది మీదికి దిగుతున్నట్టే ఉంటుంది. నిద్రలేక తూలుతున్న అతన్ని చూసి, ఇట్లయితే ఇక కిందికి దింపనని గనిలో పని చూసే సర్దార్ చెప్పేశాడట. అతనికి వేరే పని రాదు.

సరోజకు తన మాట మీద తనకే సిగ్గేసింది. కోపం పోయిన చోట జాలి వచ్చిందని సరిపెట్టుకుంది గానీ, అది జాలి కాదని ఆమెకు తెలుసు.

మర్నాడు బయట ముసురు. ఆరుబయట కూర్చోబెడదామనుకున్నా వీల్లేకపోయింది. అందరినీ కళ్ళు మూయమని, ఆమె వెళ్ళి అతని చాప పక్కన కూర్చుంది.

"కండ్లు మూస్కో సుభాష్. కప్పు నేను చూస్త."

అతను ఆమెనే చూశాడు, కప్పును చూడలేదు. కాసేపటికి రెప్పలు వాలాయి, తల గోడకు ఆనింది, సన్నగా గురక మొదలైంది. ముందు వరుసలో బుచ్చమ్మ ఒక కన్ను తెరిచి, నవ్వుకుని, మళ్ళీ మూసుకుంది.

క్లాసు అయ్యాక అందరూ గొడుగులు తీసుకుని వెళ్ళారు. ఘనపూర్ బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోవడం వినిపించింది. సరోజ స్కూలుకు ఫోన్ చేసి, ఇవాళ రాలేనని గుసగుసగా చెప్పింది. మెడ లాగుతున్నా కప్పు మీంచి చూపు తిప్పలేదు.

సుభాష్‌కు మెలకువ వచ్చేసరికి వాన వెలిసింది. "ఇంకా చూస్తనే ఉన్నవా?"

"చూస్త అన్న గద."

అతను నిటారుగా కూర్చుని ముఖం తుడుచుకున్నాడు. "ఇగ నువ్వు మూస్కో. నా వంతు."

"ఇయ్యాల ఒక్కనాడేనా?"

"రోజు," అన్నాడు సుభాష్. "నీకిష్టమైతే."

సరోజ కళ్ళు మూసుకుని తల అతని భుజానికి ఆనించింది.