జానెడు మంచం

పరుపు పెట్టెలో వస్తుందంటే సుకన్య నమ్మలేదు. తీరా చూస్తే అలాగే వచ్చింది. తుకారాం అనే డెలివరీ ఆయన నిలువెత్తు అట్టపెట్టెను నేరేడ్‌మెట్‌లోని వాళ్ళ రెండో అంతస్తు ఫ్లాటుకు మోసుకొచ్చి, పడకగదిలో మంచం మీద విప్పి, లోపలి ప్లాస్టిక్ కవరు కోశాడు. చాపలా చుట్టి ఉన్న పరుపు బుస్సుమంటూ గాలి పీల్చుకుని పూరీలా పొంగింది. కింద స్ప్రింగులు, మధ్యలో రబ్బరు, పైన ఒంటి ఆకారాన్ని గుర్తుపెట్టుకునే ఫోమ్. హైబ్రిడ్ అంటారట దాన్ని. పేరేదైతేనేం, చూడగానే సుకన్యకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తిరగవూ మరి! అత్తగారు విమలమ్మ పక్షవాతంతో మంచాన పడ్డాక, రాత్రిళ్ళు ఆమెను ఒత్తిగిలించడానికి ఏళ్ల తరబడి ఆ మంచం పక్కనే గచ్చు మీద బొంత పరుచుకుని పడుకున్న మనిషి సుకన్య. అత్త ముందు కోడలు మంచం ఎక్కకూడదు. అది ఆ ఇంటి పద్ధతి. విమలమ్మకు నోరు పడిపోయింది కానీ చూపు పడిపోలేదు. అలసిపోయి సుకన్య ఎప్పుడైనా మంచం అంచు మీద ఒరగబోతే చాలు, ఆ చూపు చురుక్కుమని తగిలేది. మళ్ళీ దిగి గచ్చు మీదికే వచ్చేది.

అత్త పోయి ఏడాది కావస్తోంది. గచ్చు మాత్రం కోడలి నడుములోనే ఉండిపోయింది. ఇంకా నేల మీద పడుకుంటే ఆపరేషన్ తప్పదని డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు. అందుకే సుకన్య, ఏ.ఎస్. రావు నగర్‌లో స్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి సంపాదించుకున్న జీతంతో, ఎవర్నీ అడక్కుండా ఈ పరుపు తెప్పించుకుంది. అడగాల్సిన అవసరం ఏముంది?

సాయంత్రం కంపెనీ నుంచి ఫెయిత్ అనే అమ్మాయి ఫోన్ చేసింది.

"మంచిగ టెస్ట్ చేస్కోండి మేడమ్. ట్రయల్ ఉంది కదా, నచ్చకపోతే మేమే వచ్చి తీస్కపోతం."

ఎలా టెస్ట్ చెయ్యాలో కూడా ఆ పిల్లే చెప్పింది. వెల్లకిలా పడుకుని నడుం కింద చెయ్యి పెట్టి చూడాలి. బాగా సందు ఉంటే పరుపు గట్టిది, చెయ్యి అస్సలు దూరకపోతే మరీ మెత్తది. అంచున కూర్చుంటే జారకూడదు. ఒక పక్క గ్లాసుతో నీళ్ళు పెట్టి, ఇంకో పక్క దొర్లి చూడాలి. గ్లాసులో నీళ్ళు తొణకకూడదు.

"పక్కన పండుకున్నోళ్ళు ఎంత దొర్లినా మీకు తెల్వనే తెల్వది మేడమ్."

"నా పక్కన ఎవరుంటరమ్మా? మా ఆయన హాల్ల టీవీ ముందటనే పండుకుంటడు," అని నవ్వింది సుకన్య.

మర్నాడు స్కూలు ఒంటిపూట. అన్నం తిని, గది తలుపు దగ్గరగా వేసి, మహారాణిలా పరుపెక్కింది. బయట ముసురు పట్టి ఉంది. కిటికీ అవతల సన్నగా వాన, గదిలో బూడిదరంగు వెలుతురు. నడుం కింద చెయ్యి పెట్టి చూసింది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. అంచున కూర్చుంది. జారలేదు. గోడవైపు స్టీలు గ్లాసుతో నీళ్ళు పెట్టి, కిటికీవైపు చిన్నపిల్లలా అటూ ఇటూ దొర్లింది. నీళ్ళు అద్దంలా నిలిచే ఉన్నాయి.

"శెభాష్!" అంది పరుపును తట్టి. గ్లాసు తీయాలన్న ధ్యాస కూడా లేకుండా అలాగే కన్ను మూసింది.

మెలకువ వచ్చేసరికి వాన ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఎక్కడో... టిక్... టిక్... అని చిన్న చప్పుడు. సుకన్య తల తిప్పింది. గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి. అలలు అంచుదాకా పోయి వెనక్కి వస్తున్నాయి. వేలి ఉంగరం మంచం పట్టెకు తగులుతోందేమోనని చెయ్యి బిగబట్టింది. చప్పుడు ఆగలేదు.

తను కదలడం లేదు. నీళ్ళు కదులుతున్నాయి.

అప్పుడు చూసింది. గ్లాసు అవతల, గోడవైపు, పరుపు కుంగి ఉంది. చిన్న గుంట. బడికి పోయే పిల్ల ముడుచుకుని పడుకుంటే ఎంత ఉంటుందో అంత. మోకాళ్ళు గడ్డానికి ఆనించినట్టు, వీపు విల్లులా వంచినట్టు. దగ్గరికి వంగితే నీలగిరి తైలం వాసన, దాని వెనక నమిలిన వక్క వాసన వచ్చాయి. ఆ రెండు వాసనలూ ఆ ఇంట్లో ఒక్కరివే.

సుకన్య గబుక్కున పరుపు దిగేసింది. దిగిన తర్వాత తనమీద తనకే ఒళ్ళు మండింది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది!

రాత్రి భర్త విజయేందర్‌ను పిలిచి గుంట చూపించింది. సాయంత్రం ఫోన్ చేసి అడిగితే, నిమిషంలో మామూలైపోతుందని ఫెయిత్ చెప్పిన గుంట ఇంకా అలాగే ఉంది. ఆయన చెయ్యి పెట్టి చూసి, కాలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

"సల్లగుంది... ఐసు లెక్క."

"అత్తమ్మనే," అంది సుకన్య.

"ఏం మాట్లాడుతున్నవ్! అమ్మ గింత చిన్నగ ఉంటదా? పరేషాన్ ఎందుకు, వాపస్ ఇచ్చేద్దాం. ఆదివారం రమ్మని చెప్త."

అన్నాడు కానీ ఆయన చూపు మాత్రం పైన సజ్జ మీదికి పోయింది. పోయి, చప్పున దిగింది. లెక్కల టీచరు కళ్ళు కప్పడం అంత తేలికా?

"సజ్జ మీద ఏముందండీ?"

నసిగాడు. మెడ రుద్దుకున్నాడు. చివరికి కక్కాడు. పోయినవాళ్ళ పేరు మీద పెద్దకర్మ రోజుల్లో శయ్యాదానం చేస్తారు. మంచం, పరుపు, దిండు, దుప్పటి. ఇక్కడ ఏ మంచం ఇస్తే అక్కడ పోయినవాళ్ళకు ఆ మంచమే అని పెద్దల నమ్మకం. కర్మ చేయించిన అయ్యగారు నిండు మంచం ఇమ్మన్నాడు. ఈయన మోండా మార్కెట్‌కు పోయి, ఎవడు మోస్తాడు, ఆటోలో పట్టదు అనుకుని, పూజ సామాన్ల కొట్లో దొరికే బొమ్మ సెట్టు తెచ్చాడట. జానెడు మంచం, దాని మీద అరచెయ్యంత పరుపు, బత్తాయి తొనంత దిండు.

"అందరూ గట్లనే ఇస్తున్రు సుకన్యా... నామ్‌కే వాస్తే..."

ఏడాదిగా... జానెడు మంచం మీద... నిండు మనిషి.

"మరి సజ్జ మీద?"

"ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అన్నడు. ఎప్పటికైనా... పనికొస్తదని."

ఆ ఇంట్లో ఇక మిగిలింది ఇద్దరే. ఆ రెండో మంచం ఎవరి పేరు మీద ఇవ్వడానికి? విజయేందర్ తలొంచుకుని హాల్లోకి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి సుకన్య హాల్లో గచ్చు మీద పడుకుంది. తెల్లారేసరికి నడుం పట్టేసి, గోడ పట్టుకుంటే తప్ప లేవలేకపోయింది. లేచి నిలబడి పళ్ళు కొరికింది. చాలు! బతికినన్ని రోజులు ఆమె చూపుకు దిగిన. ఇప్పుడు వాసనకు సుత దిగాల్నా?

ఆదివారం మధ్యాహ్నం మబ్బు కమ్ముకుని ఊరంతా దీపాలు పెట్టే వేళలా అయింది. కరెంటు పోయింది. తుకారాం దారిలో ఉన్నానని ఫోన్ చేశాడు. విజయేందర్ కిందికి దిగి గేటు దగ్గర నిలబడ్డాడు. సుకన్య పడకగదిలోకి పోయి, లోపల గడియ పెట్టి, పరుపెక్కింది. గోడవైపు వీపు పెట్టి, కిటికీవైపు తిరిగి పడుకుంది.

కాసేపు ఏమీ లేదు. వాన చప్పుడే.

తర్వాత నీలగిరి తైలం వాసన.

తర్వాత... వెనక పరుపు మెల్లగా కుంగింది.

స్ప్రింగు ఒక్కటి కూడా మోగలేదు. రెండు గట్టి మోకాళ్ళు వచ్చి సుకన్య నడుముకు ఆనాయి. సరిగ్గా నొప్పి ఉన్నచోటే. చీర దాటి చలి ఎముకల్లోకి దిగింది. మోకాళ్ళు నెట్టాయి. కొంచెం... ఇంకొంచెం... అంచుదాకా జరిగింది సుకన్య. ఇంకొక్క నెట్టు నెడితే గచ్చే.

పరుపు అంచు పట్టుకుంది. జారలేదు. ఆ అంచు మీద కూర్చుని చూడమన్న ఫెయిత్ చల్లగా ఉండాలి!

"దిగ," అంది. మళ్ళీ అంది, ఈసారి గట్టిగా. "నేను దిగ అత్తమ్మా. ఏం చేస్కుంటవో చేస్కో. నీ మలమూత్రాలు ఎత్తిన, నిన్ను పసిపిల్ల లెక్క తిప్పిన, నా నడుం ఇరగ్గొట్టుకున్న. ఒక్కనాడు మంచం మీద కూసోనిచ్చినవా? ఇది నా కష్టంతోని తెచ్చుకున్న. కిటికీ పక్క నాది. గోడ పక్క..."

ఆగింది. ఆ మోకాళ్ళు వణుకుతున్నాయి. ఏడాదిగా ముడిచి, చాచడానికి చోటు లేక బిగుసుకుపోయిన మోకాళ్ళు. నొప్పి అంటే ఏమిటో సుకన్యకు ఒకరు చెప్పాలా? కోపం అలాగే ఉంది, దాని పక్కనే ఏడుపు కూడా వచ్చింది.

"గోడ పక్క నువ్వు పండుకో. జాగ ఉంది. కాళ్ళు చాపుకో, అత్తమ్మా."

టక్... అని ఒక కీలు విడింది. మళ్ళీ టక్. ఎండిన పుల్లలు విరిచినట్టు ఒక్కొక్కటే. మోకాళ్ళు నడుము నుంచి తప్పుకున్నాయి. వీపు వెనక బరువు పొడుగు సాగుతూ, సాగుతూ, కాళ్ళవైపు చివరిదాకా పోయింది. చివర్న ఒక పెద్ద నిట్టూర్పు. అంతే. సుకన్యకు భయం వేసిందా అంటే వేసింది. అయినా దిగలేదు. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

తలుపు బాదుతున్న చప్పుడుకు లేచింది. నడుం తేలిగ్గా ఉంది. గోడవైపు గుంట ఇప్పుడు నిలువునా, నిండు మనిషంత ఉంది. గడియ తీస్తే గుమ్మంలో విజయేందర్, వెనక తాడు పట్టుకుని తుకారాం.

"వాపస్ లేదన్నా, పో. చాయ్ తాగి పో," అంది తుకారాంతో. మొగుడి వైపు తిరిగింది. "మీరు జెర లోపలికి రండి. స్టూలెక్కి సజ్జ మీది సెట్టు దించండి. సంవత్సరీకానికి మీ అమ్మ పేరు మీద నిండు మంచం ఇస్తున్నం. ఎట్ల మోస్తరో మీ ఇష్టం. ఈ బొమ్మ మంచం నా కండ్ల ముందట ఇరగ్గొట్టాలె."

ఆయన స్టూలెక్కి దించాడు. కొన్ననాటి ప్లాస్టిక్ కవరు, పైన అంటించిన టేపు సహా అలాగే ఉంది. లోపల జానెడు మంచం. దాని మీద అరచెయ్యంత పరుపు.

దాని మధ్యలో చిన్న గుంట. ముడుచుకుని.

సుకన్య వేలితో టేపు చించి దిండు ఎత్తింది. దిండుకు ఒక పొడుగాటి వెంట్రుక అతుక్కుని ఉంది. సగం తెలుపు, సగం గోరింటాకు ఎరుపు. విమలమ్మది ముగ్గుబుట్ట తల. తలకు గోరింటాకు పెట్టుకునేది సుకన్య.

"గిదేందే?" అన్నాడు విజయేందర్.

సుకన్య మంచాన్ని గుమ్మానికేసి కొట్టి, కోళ్ళు విరిచి, ముక్కలు కవర్లో కట్టి తుకారాం చేతికిచ్చి చెత్తకుండీలో పడెయ్యమంది. చేతులు కడుక్కుని వచ్చి, మళ్ళీ పరుపెక్కి, కిటికీ పక్కన వెల్లకిలా, కాళ్ళు బారజాపి పడుకుంది.

"నన్నెవరు ముడుస్తరో చూస్తా," అంది పైకప్పుతో.

గోడవైపు పరుపు కదిలింది. ఒక చల్లటి చెయ్యి వచ్చి, వాటంతట అవే ముడుచుకోబోతున్న సుకన్య మోకాళ్ళ మీద పడింది. పైకి లేవకుండా, బలమంతా పెట్టి వాటిని కిందికి అదిమి పట్టుకుంది.