మరమగ్గాల సద్దులో

నరేంద్రకు సీరియళ్లు రాయడం కొత్త కాదు. ఇన్నాళ్లూ హైదరాబాదులో వేరేవాళ్ల పేర్ల కింద అత్తాకోడళ్ల కొట్లాటలు రాసి రాసి విసుగొచ్చి, ఈసారి తానే ప్రొడ్యూసరయ్యాడు. కథ నేతపనివాళ్లది. షూటింగ్ నగరిలో, కోదండం గారి మరమగ్గాల షెడ్డులో. మొదటి ఎపిసోడ్ చానల్‌కు నచ్చితే సీరియల్, లేదంటే మళ్లీ అత్తాకోడళ్లే.

వచ్చీరాగానే మగ్గాలు ఆపమన్నాడు. హీరోయిన్ డైలాగు వినపడడం లేదట. కోదండం కూతురు భువనేశ్వరి నడుం మీద చేతులు పెట్టుకుని అడ్డం నిలబడింది.

"మగ్గం ఆపి మగ్గం కత తీస్తావా సార్? మేం ఈ సద్దులోనే మాట్లాడుకుంటాం."

"ఎట్లా వినపడుతుంది?"

"ఎవురు ఇంటారు? సూస్తాం."

షెడ్డు అవతలి చివర ఉన్న వదిన వైపు తిరిగి ఊరికే పెదవులు కదిపింది. ఆమె పకపకా నవ్వి అట్లాగే బదులిచ్చింది. ఏమన్నావని అడిగితే, ఈ సారుకు కాఫీ ఇస్తేగాని కోపం దిగదన్నానని చెప్పింది. నరేంద్రకు రోషమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. అక్కడే పడిపోయాడు పాపం.

రాసుకొచ్చిన డైలాగులన్నీ పక్కన పారేశాడు. మొగుడూ పెళ్లాల అలక సీను మగ్గాలు ఆడుతుండగానే, ఒట్టి పెదవులతో తీశాడు. హీరోయిన్‌కు నేర్పింది భువనేశ్వరే. పక్కన కూర్చుని తనూ నేర్చుకున్నాడు. నేర్చుకున్నది సగం, ఆ పిల్ల మొహం చూస్తూ కూర్చున్నది సగం.

ఎపిసోడ్ చూసిన చానల్ వాళ్లు మాటలేవని ఒక్కరూ అడగలేదు. సాయంత్రం స్లాటు ఇచ్చేశారు. రచన, నిర్మాణం, రెండు చోట్లా నరేంద్ర పేరే పడింది.

ఆ సంతోషంలో నేరుగా నగరి వచ్చాడు. షెడ్డంతా హోరు. అవతలి చివర భువనేశ్వరి తెగిన పోగుకు ముడివేస్తోంది. ఇంత సద్దులో ఎవరికి వినపడుతుందిలే అనుకుని, ఆమె తలెత్తి చూడగానే గుమ్మంలోంచే పెదవులు కదిపాడు. నువ్వు పక్కన లేకపోతే ఒక్క సీనూ రాయబుద్ధి కావడం లేదు, పెళ్లి చేసుకుందామా అని.

ఆమె మొహం ఎర్రబడింది. తల వంచుకుని, మళ్లీ ఎత్తి, పెదవులతోనే బదులు చెప్పింది.

ఒక్కొక్క మగ్గమే ఆగింది. షెడ్డులో అందరూ నరేంద్రనే చూస్తున్నారు. ఆ విద్య ఆమెకొక్కదానికే కాదు, అందరికీ వచ్చునని అప్పటికి గాని అతనికి గుర్తుకు రాలేదు. కోదండం చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు.

"నేను సూసినాలేప్పా. మా ఇంటామె వంటింట్లో ఉండాది, ఆమెకు యాడ తెలిసింటాది? గట్టిగా ఇంకోసారి సెప్పు."

నరేంద్ర షెడ్డు పక్కనున్న వంటింటి వైపు తిరిగి గట్టిగా చెప్పాడు. శకుంతలమ్మ గరిటెతోనే బయటికొచ్చి, అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, పాప ఏమనిందని అడిగింది.

"సరే అన్నాను మా," అంది భువనేశ్వరి, వీధికంతా వినపడేలా.