గౌరీబాయి మాత్రలు

పొద్దున్నే మిర్యాలగూడ రైస్ మిల్లుకు బయలుదేరే ముందు ప్రవీణ్ తల్లి చేతిలో మాత్ర పెట్టేవాడు. జ్వరం వచ్చి తగ్గాక గౌరీబాయి కుడి చెవి లోపల దెబ్బతింది. లేచి నిలబడితే ఇల్లంతా గిర్రున తిరిగేది. అప్పటి నుంచి అతను ఆమెను మంచం దిగనిచ్చేవాడు కాదు. తల్లంటే ప్రాణం అతనికి. ఆ ప్రాణంతోనే ఇంట్లోవాళ్ల ప్రాణం తీసేవాడు.

ఆ రోజు టిఫిన్ బాక్సు వెతుకుతుంటే పప్పు డబ్బా వెనక తను ఇచ్చిన మాత్రలన్నీ కనిపించాయి. అవి పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. తల్లి తల అటూ ఇటూ తిప్పుతూ తూలుతూ నడుస్తోంది. పక్కనే భార్య యమున, పట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని.

“మందు దాసిపెట్టి యాడీని పడేస్తవా?” అన్నాడు భార్యతో. తల్లిని ‘యాడీ’ అనే పిలుస్తాడతను.

యమున బెదరలేదు. “డాక్టర్ చెప్పింది నువ్వు సగమే విన్నవ్. ఆ మత్తు మాత్ర మొదట్ల కొన్ని దినాలకే. చెవి నుంచి కబురు ఆగిపోతే, మెదడుల నిలకడ చూసుకునే జాగల ప్రొటీన్ల తయారీనే మారుతదట. కొన్ని పెరుగుతయి, కొన్ని తగ్గుతయి. మెదడు అట్లనే మళ్ల సర్దుకుంటదట. కానీ మనిషి కదలాలె, తల తిప్పాలె. మత్తుల పండబెడితే అదేం నేర్చుకుంటది?”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్పిన. అత్తతోని పని చేయించనీకి సాకులు చెప్తున్నవన్నవ్.”

నిజమే, అన్నాడు. అన్నట్టు గుర్తుంది కూడా. తల్లివైపు చూశాడు. మాత్రలు తనే వేసుకోలేదని, కోడలిని ఏమీ అనొద్దని గౌరీబాయి చెప్పింది. గోడ పట్టుకుని నిలబడి, ఊపిరి తీసుకుని మళ్లీ అంది.

“తండాల తీజ్ పండుగ వస్తున్నది బిడ్డా. మొలకల బుట్టల చుట్టు ఆడోళ్లంత ఆడుతుంటే నేను కూసోని సూడాల్నా? నువ్వు నన్ను మంచిగ సూసుకుంటున్నవ్. నేను నడక మర్సిపోతున్న.”

ప్రవీణ్ అక్కడే గడప మీద కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు ఆగలేదు. ఆ రోజు మిల్లుకు పోలేదు. సాయంత్రం యమునను క్షమించమని అడిగాడు. క్షమించడం తర్వాత, ముందు అత్తను నడిపించమంది ఆమె.

తీజ్ నాటికి సూర్యాపేట మీదుగా తుంగతుర్తి దగ్గరి తండాకు ముగ్గురూ బస్సులో వెళ్లారు. ఆడవాళ్లు పాట ఎత్తుకుని గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు. గౌరీబాయి కూడా వాళ్లలో కలిసింది. రెండో చుట్టులో తూలింది. ప్రవీణ్ ఒక్కసారిగా ముందుకు కదిలాడు. ఆగిపోయాడు. చేతులు వెనక్కి కట్టుకుని, గట్టిగా పట్టుకున్నాడు.

గౌరీబాయి నిలదొక్కుకుని తర్వాతి అడుగు వేసింది.