చిన్న ఇంజినే చాలంది

సెకండ్‌హ్యాండ్ కార్ల షోరూమ్‌లో ఎర్ర కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "మనం వస్తున్నట్టు వీళ్ళకి ముందే ఫోన్ చేశారా?" అని.

చేశానన్నాడతను. చెప్పాపెట్టకుండా వెళ్తే ఏం బాగుంటుందని కూడా అన్నాడు.

"ఇంజిన్ వేడిగా ఉంది. మనం వచ్చేలోపే స్టార్ట్ చేసి ఉంచారు," అంది ఆమె, చెయ్యి గుడ్డకి తుడుచుకుంటూ. టార్చి పట్టుకుని కారు కిందికి దూరిపోయింది.

అతను ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేస్తాడు. గోడలకి మందపాటి మెత్తలు అంటించిన చిన్న గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి శబ్దం వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమంటాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంతా నిశ్శబ్దమే. కాలేజీ రోజుల నుంచీ అతనికి ఒకటే కోరిక: రెండే సీట్లు, మడిచి వెనక్కి తోసేసే గుడ్డ టాపు, ఇద్దరు మనుషులు పట్టుకుని తోస్తే కదిలిపోయేంత తేలికైన స్పోర్ట్స్ కారు. అతనికి నచ్చిన మోడల్ తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. కొంటే సెకండ్‌హ్యాండే కొనాలి.

చిక్కల్లా ఆ కారు రెండు రకాల ఇంజిన్లతో రావడం దగ్గరొచ్చింది. ఒకటి పదహారు వందల సీసీది, మామూలుది. ఇంకోటి రెండు లీటర్లది, టర్బో ఉన్నది. నాలుగు నెలలు ఇంటర్నెట్‌లో చదివి చదివి ఉన్న కాస్త తెలివీ పోగొట్టుకున్నాడు. చివరికి ఆసుపత్రిలో నర్సొకావిడ ఒక మెకానిక్ నంబర్ ఇచ్చింది, నోరు కాస్త దురుసు గానీ పనితనం మాత్రం బంగారం అని చెప్పి. అతను ఏ యాభై ఏళ్ళ పెద్దాయనో వస్తాడనుకున్నాడు. నీలం ఓవరాల్స్‌లో, జుట్టు గట్టిగా ముడేసుకుని తన వయసు అమ్మాయి వచ్చేసరికి ఆమె వెనకాల ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు. ఆమె కూడా వెనక్కి తిరిగి చూసి, "ఎవరూ లేరు, నేనే," అంది.

టెస్ట్ డ్రైవ్‌లో టర్బో ఉన్న ఎర్ర కారు అతన్ని సీటుకి అతికించేసింది. యాక్సిలరేటర్ తొక్కితే గుండె ఒక్క అడుగు వెనకబడి వస్తున్నట్టుంది. పక్కకి చూస్తే ఆమె రోడ్డు చూడటం లేదు. తల ఒక పక్కకి వాల్చి, కళ్ళు సగం మూసి వింటోంది. చెవి తమ్మె మీద చిన్న గ్రీజు మరక. రోజుకి ముప్ఫై చెవులు చూసేవాడికి ఆ ఒక్క చెవి దగ్గర చూపు ఎందుకాగిందో తెలియలేదు.

కిందికి దిగాక ఆమె రెండు మాటలు చెప్పింది. ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ ఉండాల్సినంత లేదు, అది ఎటు పోతోందో చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేసి చూస్తేగానీ తెలియదు, అంతవరకూ కొనొద్దంది. అంతా బాగున్నా సరే, ఈ కారుకి చిన్న ఇంజినే చాలని కూడా అంది. ఇందులో మజా అంతా తేలికదనంలో ఉంది. పెద్ద ఇంజిన్ పెడితే ముందు భాగం బరువెక్కి మలుపులో బద్ధకిస్తుంది. పైగా దాని బలమంతా వాడుకునే రోడ్డు ఊళ్ళో ఎక్కడా దొరకదు. చిన్నదైతే చివరి గేరు దాకా పరుగెత్తించొచ్చు.

చిన్న ఇంజిన్‌తో ఎవర్ని ఓవర్‌టేక్ చేస్తామండీ అన్నాడతను.

"చెవులు పరీక్షించడానికి అంత తొందరేంటండీ? మీరు వెళ్ళేదాకా అవి అక్కడే ఉంటాయి కదా."

అతనికి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది.

ఆ తర్వాత పది రోజులు ఇంజిన్ సందేహాల పేరుతో రోజూ ఫోన్ చేశాడు. మొదట్లో నిజంగానే సందేహాలు. నాలుగో రోజు నుంచి సందేహాలు కల్పించుకోవాల్సి వచ్చింది. ఆమెకి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఓపిగ్గా జవాబు చెప్పేది, మధ్యమధ్యలో ఇది నిన్న అడిగిందేనని గుర్తు చేస్తూ. ఒక సాయంత్రం వాన పట్టుకుంటే ఆమె గ్యారేజీ షట్టర్ కింద నిలబడిపోయాడు. ఆమె నడుస్తున్న ఇంజిన్ మీద పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి అతని చెవికి పెట్టింది. లోపల వాల్వులు టిక్కుటిక్కుమనడం స్పష్టంగా వినిపించింది. మీ పనీ నా పనీ ఒకటేనన్నమాట అన్నాడు. నా పేషెంట్లు మాత్రం బటన్ నొక్కరు, అంది. వాన తగ్గాక కూడా ఇద్దరూ కాసేపు తగ్గనట్టే నిలబడ్డారు.

ఇంటికెళ్ళేటప్పుడు అతనికి చిన్న ఇంజినే మంచిదనిపించింది. ఆ అనిపించడం ఇంజిన్ వల్లో, చెప్పిన మనిషి వల్లో తేల్చుకోలేకపోయాడు.

శనివారం ఒక ప్రకటన కనపడింది. అదే మోడల్, నీలం రంగు, పదహారు వందల సీసీ, మొదటి నుంచీ ఒక్క ఇంట్లోనే ఉన్నది. ఆమెకి చెప్పకుండా కొనేసి, నేరుగా గ్యారేజీ ముందు ఆపి ఆశ్చర్యపరచాలనుకున్నాడు. ఈసారి ఫోన్ కూడా చేయకుండా వెళ్ళాడు.

గేటు తీసిన పెద్దాయన బస్సు డ్రైవర్‌గా రిటైరయ్యారు. పోర్టికోలో కారు మీద కప్పిన గుడ్డ జాగ్రత్తగా మడతలు పెడుతూ తీశారు. సీట్లు కొంచెం వాడిపోయాయి గానీ ఇంజిన్ కింద ఒక్క నూనె చుక్క లేదు. తాళం తిప్పగానే పలికింది. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చేసరికి అతని పెదవుల మీద నవ్వు ఆగటం లేదు. ఇన్నాళ్ళూ ఇంత బాగా చూసుకున్నదెవరండీ అని అడిగాడు.

"మా అమ్మాయేనయ్యా. మెకానిక్కు," అన్నారాయన.

అప్పుడే గేటు చప్పుడైంది. నీలం ఓవరాల్స్, చేతిలో కూరగాయల సంచి.

అతని నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఎర్రదాన్ని కొనొద్దనడం, చిన్నదే చాలనడం, రోజూ ఓపిగ్గా మాట్లాడటం, అన్నీ ఒక్కసారిగా వేరే రంగులో కనపడ్డాయి. "ఇందుకా చిన్న ఇంజిన్ మంచిదన్నారు?" అన్నాడు. గొంతు తను అనుకున్నదానికంటే కటువుగా వచ్చింది.

ఆమె మొహం చిన్నబోయింది. సంచి కింద పెట్టి, "నాదని మీకు చెప్పలేదు. నిజమే," అంది. "నా మాట మీద నమ్మకం లేకపోతే ఇంకొకరికి చూపించుకోండి. కానీ ఆ ఎర్రదాన్ని చల్లగా ఉన్నప్పుడే చూడండి." లోపలికి వెళ్ళిపోయింది.

రోషం కొద్దీ అతను షోరూమ్‌కి ఫోన్ చేసి సోమవారం వచ్చి సంతకం పెడతానన్నాడు. పెట్టేవాడే. కానీ ఆదివారమంతా ఆమె చివరి మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అంటగట్టాలనుకునే మనిషి ఇంకొకరికి చూపించుకోమని ఎందుకంటుంది?

సోమవారం పొద్దున్నే ఆసుపత్రి అంబులెన్సులు చూసే మేస్త్రిని బతిమాలి వెంటపెట్టుకెళ్ళాడు. షోరూమ్ షట్టర్ ఎత్తుతుండగానే ఇద్దరూ గుమ్మంలో ఉన్నారు. సేల్స్‌మన్ నీళ్ళు నమిలాడు. మేస్త్రి బానెట్ చల్లగా ఉందని చూసుకుని కూలెంట్ మూత తీసి ఇంజిన్ స్టార్ట్ చేయించాడు. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ వచ్చింది. ఐదు నిమిషాలైనా తగ్గలేదు. ముందు కూలెంట్‌లో బుడగలు లేచాయి.

"హెడ్ గాస్కెట్ పోయింది సార్. కూలెంట్ ఇంజిన్ లోపలికే కారుతోంది. ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే," అన్నాడు మేస్త్రి. "ఇది మీకు ముందే ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు. నేనే వినిపించుకోలేదు."

గుండెల మీంచి బండ దింపినట్టయింది. కారు తప్పిపోయి బతికిపోయానన్న ఊరట కాదది. ఆమె అబద్ధమాడలేదన్న ఊరట. కోరుకున్న కారు చేజారితే ఇంత సంతోషించేవాణ్ణి చూడలేదన్నట్టు మేస్త్రి అతన్ని ఎగాదిగా చూశాడు.

మధ్యాహ్నం భోజనం మానేసి గ్యారేజీకి పరుగెత్తాడు. ఆమె లేదు. నాన్నగారు స్టూలు మీద కాపలా కూర్చుని ఉన్నారు. భార్యకి రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయిందనీ, ఫిజియోథెరపీ నుంచి తీసుకురావడానికి అమ్మాయి వెళ్ళిందనీ చెప్పారు. ఆ నీలం కారు సీటు నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. ఆవిడ అందులో కూర్చోవడం కష్టం, లేవడం అంతకంటే కష్టం. అందుకే దాన్నిచ్చేసి ఎత్తైన కారు కొందామనుకుంటున్నారు.

"మొన్న మీరు వచ్చి వెళ్ళాకే తెలిసింది నాకు, మీరిద్దరూ ఎరుగున్నవాళ్ళని. ముందే మన కారు సంగతి చెప్పొచ్చు కదమ్మా అన్నాను. ఆయన నన్ను సలహా అడిగాడు నాన్నా, నాది చూపిస్తే అది సలహా కాదు, బేరం అంది."

అతను తల దించుకున్నాడు. పెద్దాయన నిట్టూర్చి మాట మార్చారు.

"ఇంక ఆ దిగులక్కర్లేదులే బాబూ. సాయంత్రం ఒకాయన చూసుకోవడానికి వస్తున్నాడు. నచ్చితే రేపే తీసుకెళ్ళిపోతాడట."

అతని మనసంతా అమ్మాయి మీదే ఉంది. "రేపేనా? ఆవిడ ఒప్పుకుందా?"

"ఒప్పుకోక ఏం చేస్తుంది? నిన్నటి నుంచీ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఎన్నాళ్ళని ఇంట్లో పెట్టుకుంటాం?"

"ముక్కూ మొహం తెలియని మనిషికి ఎలా ఇచ్చేస్తారంకుల్?"

"జాగ్రత్తగా చూసుకుంటాననే అంటున్నాడు. ఆయనకి ఇది మూడోదట."

"మూడోదా?" అతను లేచి నిలబడ్డాడు. ఎలా అన్నాడో అతనికే తెలియదు. "అంకుల్, ఆయన్ని రావద్దనండి. ఆవిడకి ఇష్టమైతే నేను చేసుకుంటాను. తప్పు చేశాను, క్షమాపణ అడగడానికే వచ్చాను. కానీ నాకు ఆవిడంటే ఇష్టం. వాన పడిన రోజు నుంచీ, నిజం చెప్పాలంటే అంతకుముందు నుంచీ."

పెద్దాయన స్టూలు మీంచి లేచారు.

"నేను చెప్పేది కారు గురించి బాబూ," అన్నారు.

షట్టర్ దగ్గర దగ్గు వినిపించింది. చేతికర్ర పట్టుకున్న ఒకావిడ, ఆవిడ మోచెయ్యి పట్టుకుని మెకానిక్. ఎప్పుడొచ్చారో, ఎంత విన్నారో అడగక్కర్లేకుండా కూతురి చెవులు రెండూ ఎర్రబడి ఉన్నాయి.

"ఈయనేనా చెవులాయన?" అని అడిగింది వాళ్ళమ్మ, కుర్చీలో మెల్లగా కూర్చుంటూ. "రోజూ ఇంజిన్ డౌట్లు అడిగే ఆయన?"

కూతురు అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఎర్రది కొనేశారా?" అంది.

కొనలేదన్నాడు. పొద్దున జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు, తెల్ల పొగ, బుడగలు, మేస్త్రి అన్న మాట. ఆమె వింటూ వింటూ పక్కనున్న పాత టైరు మీద కూలబడి, రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. ఏడుస్తోందేమోనని అతను కంగారుపడ్డాడు. చేతులు తీస్తే నవ్వుతోంది.

"రెండు రోజుల నుంచీ అదే భయం," అంది. "మీ మీద కోపం నిన్న సాయంత్రానికే పోయింది. ఆ కారు ఎక్కడ కొనేస్తారో, ఏ రోడ్డు మధ్యలో ఆగిపోతుందోనని ఒకటే దిగులు. ఫోన్ చేద్దామంటే నా మాట వినరాయె."

"ఇక నుంచి వింటాను."

"అన్నీనా?"

"ఇంజిన్ల విషయంలో అన్నీ. మిగతావాటిలో కొంచెం వాదిస్తాను."

వాళ్ళమ్మ నవ్వింది. నాన్నగారికి ఇంకా సందేహం తీరలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని, సాయంత్రం వచ్చే ఆయనకి ఏం చెప్పమంటావమ్మా అని అడిగారు.

ఆమె టైరు మీంచి లేచి ఓవరాల్స్ దులుపుకుంది. అతని వైపు చూడకుండానే చెప్పింది.

"ఇంట్లోవాళ్ళే తీసుకున్నారని చెప్పు నాన్నా."